పైకప్పులో ఏసీ: ముందు తలుపు, తర్వాత యంత్రం

కిందటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం నాటి మధ్యాహ్నం, విజయవాడలో మా అక్క వాళ్ల పడకగది పైకప్పు ఒక మూల మెల్లగా ఉబ్బింది. మొదట అరచేతి వెడల్పున పసుప్పచ్చని మరక కనిపించింది. పేరంటానికి వచ్చినవాళ్లు తాంబూలాలు అందుకుని వెళ్లేసరికి ఆ మరక చాటంత అయింది. దీపాలు పెట్టే వేళకు జిప్సమ్ బోర్డు అతుకు విడిపోయి, లోపల నిలిచిన నీరంతా ఒక్కసారిగా మంచం మీద పడింది. బోర్డు వెనక ఉన్నది ఏడాదిన్నర కిందట బిగించిన ఏసీ. బయటికి సన్నని గ్రిల్ తప్ప మరేమీ కనిపించదని, ఇంటీరియర్ పని చేసినవాళ్లు ఎంతో గర్వంగా చూపించిన యంత్రం అది.

మర్నాడు బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు అడిగిన మొదటి ప్రశ్న, "మిషన్ ఎక్కడుందండీ?" అని. ఇంట్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. అతను చీపురు కర్రతో బోర్డును తట్టుకుంటూ వెళ్లి, శబ్దం మారిన చోట పెన్సిలుతో గీత గీసి, రంపం తీసుకుని కోశాడు. లోపల చూస్తే యంత్రానికి ఏ జబ్బూ లేదు. నీరు పోయే పైపును పట్టి ఉంచే క్లాంపులు మరీ దూరదూరంగా వేయడంతో మధ్యలో అది బొజ్జలా జారి, అక్కడ నీరు నిలిచి, నాచు పట్టి పూడిపోయింది. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాల పని చేయడానికి కప్పు కోయాల్సి వచ్చింది, పరుపు పారేయాల్సి వచ్చింది, తర్వాత గది మొత్తానికి మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది. కప్పులో తెరిచి చూసే చిన్న తలుపు, అదే ట్రాప్ డోర్, ఎందుకు పెట్టలేదని అడిగితే, పెడితే కప్పు అందం చెడుతుందని అప్పట్లో వాళ్లు చెప్పారని అక్క అంది.

అప్పటికి నేను కూడా అమ్మ గదికి అటువంటి యంత్రమే తీసుకోవాలని మూడు కంపెనీల బ్రోషర్లు ముందేసుకుని కూర్చుని ఉన్నాను. వాటిలో చల్లబరిచే శక్తిని చెప్పే టన్నులు, కరెంటు పొదుపును చెప్పే నక్షత్రాలు, చప్పుడును చెప్పే డెసిబెల్స్, వైఫై అన్నీ ఉన్నాయి. దాని దగ్గరికి మనిషి ఎలా చేరాలో చెప్పే వాక్యం మాత్రం లేదు. ఇరుకైన ఇంట్లో పైకప్పు యంత్రాన్ని ఎంచుకునే పద్ధతినే మనం తలకిందులు చేసుకున్నామని నాకు ఆ రోజు నుంచి అనిపిస్తోంది. చెయ్యి దూరే తలుపు, నీరు పోయే వాటం, గాలి తిరిగి వచ్చే దారి, ఈ మూడూ ముందు తేలాలి. ఆ మూడూ తేలాక మిగిలిన జాగాలో పట్టే యంత్రమే మన యంత్రం. అభిప్రాయం ఇంత సూటిగా చెప్పేశాను గానీ, దాన్ని మా ఇంట్లో అమలు చేయబోతే నాకే చాలా అనుమానాలు వచ్చాయి.

గోడకు ఎందుకు పెట్టలేదు

మొదటి అనుమానం మా ఏసీ మెకానిక్ లేవనెత్తాడు. ఆయన కిటికీ ఏసీల కాలం నుంచి ఈ పనిలో ఉన్న పెద్దమనిషి. గది చూసి, టేపు తీయకుండానే, "గోడకు పెట్టిస్తే నాకు స్టూలు చాలమ్మా. కప్పులో పెడితే మెడ వంచి పండుకొని చెయ్యాలె. రేపు నేను రాకపోతే వచ్చేటోడు అంత కష్టపడతడా?" అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. మూడడుగుల ఖాళీ గోడ, దాని వెనకే బయటి గాలి ఉన్న ఏ ఇంట్లోనైనా గోడ ఏసీయే మేలు. అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. సంచీ తగిలించి నీళ్లు కొట్టి కడిగేయవచ్చు. పైగా ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు. కప్పులో దాచే యంత్రానికి నాకు వచ్చిన అంచనాలు, ఫాల్స్ సీలింగ్ పని కూడా కలుపుకుంటే, గోడ ఏసీకి దాదాపు రెట్టింపు ఉన్నాయి. అందం కోసమే అయితే ఆ డబ్బు నేను పెట్టి ఉండేదాన్ని కాదు.

కానీ మాది హైదరాబాదులో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు, పై అంతస్తు. అమ్మ గది 9 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. ఒక గోడ నిండా శ్లాబు దాకా అల్మరా. ఇంకో గోడకు కిటికీ. కిటికీ పైన ఉండే లింటల్ 7 అడుగుల దగ్గర ఉంది, శ్లాబు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఉంది కాబట్టి కాగితం మీద రెండున్నర అడుగుల జాగా కనిపిస్తుంది. అయితే బయటి బీము శ్లాబు నుంచి 15 అంగుళాలు కిందికి దిగింది. మిగిలిన 15 అంగుళాల్లో ఒక అడుగు ఎత్తుండే గోడ యంత్రం, దాని పైన గాలి పీల్చుకోవడానికి కావాల్సిన సందు, పరదా కడ్డీ ఇమడవు. మూడో గోడ పక్క ఫ్లాటుతో ఉమ్మడి. అక్కడ పెడితే రాగి పైపూ నీటి పైపూ గది చుట్టూ తిరిగి రావాలి. నాలుగో వైపు బాత్‌రూమ్ గోడా తలుపులూ. పైగా అమ్మకు కీళ్ల నొప్పులు. చల్లగాలి సూటిగా ఒంటికి తగిలితే అర్ధరాత్రి లేచి ఏసీ కట్టేస్తుంది, గంట తర్వాత ఉక్కపోతకు మళ్లీ లేస్తుంది. ఆ గదికి పైకప్పు ఒక్కటే మిగిలింది.

పైకప్పు అనగానే ముందు తోచేది గది నడిమధ్యన నాలుగు వైపులా గాలి చిమ్మే క్యాసెట్. చిన్న రకం రెండడుగుల చదరంలో సరిపోతుంది. దాన్ని నేను వద్దనుకోవడానికి కారణం ఫ్యాను. 9 అడుగుల గదిలో క్యాసెట్ కూర్చోవాల్సిన చోటే ఫ్యాను కొక్కెం ఉంది. కరెంటు పోయినప్పుడు మా ఇన్వర్టర్ బ్యాటరీ ఫ్యానును లాగుతుంది గానీ ఏసీని లాగదు. అంతేకాక ఫ్యాను తిరుగుతుంటే అమ్మకు 26 డిగ్రీలు సరిపోతాయి, లేకుంటే 23 కావాలి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది. దాని ఉద్దేశం మంచిదే. అయితే మన ఇళ్లలో ఆ అంకెను ఇంకో రెండు డిగ్రీలు పైకి జరిపేది ఫ్యానే. ఫ్యానును తీసేయించే ఏసీని మన వాతావరణంలో ఎవరైనా ఎందుకు కొనాలో నాకు బోధపడలేదు.

హోటల్ గది నుంచి ఎరువు తెచ్చిన ఆలోచన

దారి చూపింది విశాఖపట్నంలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు దిగిన హోటల్ గది. చాలా హోటళ్లలో మాదిరే అక్కడా గది తలుపు తీయగానే ఒక చిన్న ఇరుకు దారి, పక్కన బాత్‌రూమ్, ఆ దారి మీద మాత్రమే కప్పు తక్కువ ఎత్తు. యంత్రం ఆ తక్కువ కప్పులో ఉంటుంది. గదివైపు గోడలో పైన ఉన్న పొడవాటి గ్రిల్ నుంచి గాలి వస్తుంది, దారి కప్పులో ఉన్న గ్రిల్ నుంచి తిరిగి లోపలికి పోతుంది. గది ఎత్తు తగ్గదు, మధ్యన ఫ్యానుకు అడ్డు లేదు, గాలి మంచం మీదుగా ఎదురుగోడ దాకా వెళ్లి మెల్లగా దిగుతుంది. అమ్మ గదిలోనూ తలుపు తీయగానే, బాత్‌రూమ్ గోడకూ అల్మరా పక్కకూ మధ్య, మూడున్నర అడుగుల వెడల్పు, ఐదు అడుగుల పొడవు ఉన్న అటువంటి దారే ఉంది. ఇన్నేళ్లూ దాన్ని చెప్పులు విడిచే చోటుగా తప్ప చూడలేదు.

పోలిక ఇక్కడితో ఆగాలి. హోటల్లో ఆ యంత్రం లోపల తిరిగేది సాధారణంగా ఒక పెద్ద ప్లాంటు నుంచి వచ్చే చన్నీరు. దాన్ని చూసుకోవడానికి సొంత సిబ్బంది ఉంటారు. నిచ్చెన వేసుకుని ఫిల్టరు కడిగి, యంత్రం కింద నీరు చేరే ట్రేలో నాచు తీసి పోతారు. ఇంట్లో ఆ సిబ్బందిమి మనమే. హోటల్ నమూనా చూసి ముచ్చటపడేవాళ్లు గ్రిల్‌ను తెచ్చుకుంటారు, నిచ్చెనను మరిచిపోతారు. మా అక్క ఇంట్లో జరిగింది సరిగ్గా అదే.

బాత్‌రూమ్ మీది అటకలో పెట్టేస్తే దారి కప్పును కూడా తాకనక్కర్లేదు కదా అని మా ఆయన అన్నారు. ఆ అటక కథ వేరు. అందులో అమ్మ తెచ్చుకున్న ఇత్తడి గంగాళాలు, నాలుగు సూట్‌కేసులు, ఒక పాత హార్మోనియం ఉన్నాయి. వాటిని ఖాళీ చేయించడం శాంతిభద్రతల సమస్య. దాన్ని పక్కన పెట్టినా, అటకలోకి మనిషి పొట్ట మీద పాకి వెళ్లాలి. కింద గీజరు ఆవిరి. గాలి పీల్చే వైపుకు సరైన పెట్టె కట్టకపోతే యంత్రం గది గాలిని వదిలేసి అటక దుమ్మును పీల్చి గదిలోకి ఊదుతుంది.

అర అంగుళం లెక్క

ఇక కొలతలు. కప్పులో దాగి, గాలిని డక్ట్ అనే రేకు దారి గుండా గ్రిల్‌కు పంపే యంత్రాల్లో, ఇంటి వాడకానికి వచ్చే సన్నరకంలో ఒక టన్నువి సుమారు 700 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. దారి వెడల్పు 1,060 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒకవైపున కరెంటు పెట్టె తెరవడానికి అడుగు వదిలినా సరిపోతుంది. అసలు చిక్కు ఎత్తులో వచ్చింది. దారికీ గదికీ మధ్య ఒక లోపలి బీము ఉంది. అది శ్లాబు నుంచి 10 అంగుళాలు దిగింది. గాలి ఆ బీము కిందుగానే గదిలోకి పోవాలి కాబట్టి యంత్రమూ ఆ మట్టానికి దిగాలి. తొమ్మిదిన్నర అడుగుల్లో బీముకు 10 అంగుళాలు, యంత్రానికి 8 అంగుళాలు, కింద ఫ్రేముకూ బోర్డుకూ 2 అంగుళాలు పోతే మిగిలేది 7 అడుగుల 10 అంగుళాలు. కట్టడాలకు దేశమంతటికీ ప్రమాణాలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్ మామూలు గదికి 2.75 మీటర్ల ఎత్తు అడుగుతూ, ఏసీ ఉన్న గదిలో నేల నుంచి డక్ట్ లేదా ఫాల్స్ సీలింగ్ అడుగు వరకు కనీసం 2.4 మీటర్లు చాలంటుంది. 2.4 మీటర్లంటే దాదాపు 7 అడుగుల పదిన్నర అంగుళాలు. అర అంగుళం తక్కువ పడింది.

బీమును కొంచెం చెక్కితే పోతుంది కదా అని సీలింగ్ పని అతను ఎంతో తేలిగ్గా అన్నాడు. బీమును చెక్కకూడదు, దానికి రంధ్రం కూడా వేయకూడదు. ఈ విషయంలో బేరం లేదు. ఇప్పటి ఎత్తైన టవర్లలో అల్యూమినియం అచ్చుల్లో (షట్టరింగులో) పోసిన గోడలే కాంక్రీటు కావడం వల్ల చిన్న పైపు రంధ్రానికి కూడా ముందు అనుమతి తీసుకోవాల్సి వస్తోంది. మాది ఇటుక గోడల పాత భవనం కావడం ఈ పనిలో మాకు కలిసివచ్చిన ఒకే ఒక్క అదృష్టం. చివరికి యంత్రం అడుగున ఫ్రేము నడపకుండా రెండు పక్కల గోడలకే ఫ్రేము బిగించి, యంత్రం కింద పలుచని ప్లైవుడ్ పలక ఒక్కటే మరలతో నిలిపేలా మార్చుకున్నాం. ఎత్తు 7 అడుగుల 11 అంగుళాలకు వచ్చింది. ఆ అర అంగుళం కోసం వెతుకుతుంటేనే, విప్పి తీయగల పలక అన్న ఆలోచన కూడా దానంతట అదే వచ్చింది.

గాలి తిరిగి వచ్చే దారి

చల్లగాలి ఎక్కడి నుంచి వస్తుందని అందరూ అడుగుతారు, తిరిగి ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. ఒక టన్ను యంత్రం నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలిని కదుపుతుంది. అమ్మ గదిలో ఉన్న గాలి మొత్తం 940 ఘనపుటడుగులు. అంటే రెండున్నర నిమిషాలకోసారి గది గాలి అంతా యంత్రం గుండా వెళ్లి రావాలి. మాకు మొదట వచ్చిన నమూనాలో, గది బయట హాలువైపు కప్పులో యంత్రం పెట్టి, గాలి పీల్చే గ్రిల్‌ను కూడా హాల్లోనే చూపించారు. పగటిపూట తలుపు తెరిచి ఉంచి పరీక్షిస్తే అది బాగానే పనిచేస్తుంది. రాత్రి అమ్మ తలుపు వేసుకోగానే గదిలోకి వచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. తలుపు కింది సందు నుంచి ఈల వేస్తుంది. యంత్రం హాల్లోని వేడి గాలినీ వంటింటి తాలింపునూ పీల్చి అమ్మ గదిలోకి పంపుతుంది. గాలి వచ్చే గ్రిల్, పోయే గ్రిల్ రెండూ తలుపుకు ఒకే వైపున ఉండాలి.

రెండోది, కప్పు లోపలి ఖాళీనే గాలి దారిగా వాడే అలవాటు. గ్రిల్ ఒకచోట కోసి, యంత్రం వెనక భాగాన్ని అలాగే తెరిచి వదిలేస్తారు. పై అంతస్తులో మే నెల సాయంత్రం శ్లాబు అడుగు తాకి చూస్తే ఆ పద్ధతి ఎంత దండగో తెలుస్తుంది. యంత్రం ముందు ఆ శ్లాబు వేడిని చల్లార్చి, తర్వాత అమ్మను చల్లబరచాలి. గ్రిల్ నుంచి యంత్రం దాకా రేకు పెట్టె కట్టి, దానికి వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు చుట్టించాం.

ఈ సన్న యంత్రాల ఫ్యాన్లు బలహీనమైనవని కూడా ఇక్కడే చెప్పాలి. బయటి డక్ట్ నిరోధాన్ని ఎదుర్కొనే శక్తి వాటికి 10 నుంచి 30 పాస్కల్స్ వరకే ఉంటుంది. 30 పాస్కల్స్ అంటే గొట్టంలోని నీటిని 3 మిల్లీమీటర్లు పైకి నెట్టగలిగినంత ఒత్తిడి, అంతే. ఒక మడత, ఒక నలిగిన ఫ్లెక్సిబుల్ గొట్టం, ఒక దట్టమైన ఫిల్టరు కలిస్తే ఆ మూడు మిల్లీమీటర్లూ ఖర్చయిపోతాయి. ఇదే యంత్రంతో పక్క గదికి కూడా ఒక గొట్టం లాగితే రెండు గదులూ చల్లబడతాయని షోరూమ్‌లో చెప్పిన సలహాను అందుకే వినలేదు. గ్రిల్ సైజు విషయంలో కూడా అంతే. గాలి నిమిషానికి 300 అడుగుల వేగం దాటకుండా లోపలికి రావాలంటే 400 ఘనపుటడుగులకు ఒకటి ముప్పావు, రెండు చదరపుటడుగుల గ్రిల్ కావాలి, ఎందుకంటే రెక్కలు కొంత జాగా మింగేస్తాయి. సన్నని గీతలాంటి గ్రిల్ చూడ్డానికి బాగుంటుంది, రాత్రి పూట బుసకొడుతుంది. బ్రోషర్‌లో రాసిన డెసిబెల్స్‌కు ఆ బుసతో సంబంధం లేదు.

ఒక టన్నా, ఒకటిన్నరా

పై అంతస్తు అనగానే షోరూమ్ అబ్బాయి ఒకటిన్నర టన్ను రాసేశాడు. 99 చదరపుటడుగుల గదికి అది ఎక్కువని నాకు అనిపించింది, కానీ మే నెలలో సరిపోకపోతే ఎలా అన్న భయం కూడా ఉంది. ఈ రెంటి మధ్య నేను వారం రోజులు ఊగాను. చివరికి తేల్చింది ఎండాకాలం కాదు, వానాకాలం.

ఏసీ అనే యంత్రం పుట్టిందే తేమ కోసం. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి దాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి ముడుచుకుని రంగుల అచ్చు పక్కకు జరుగుతుంటే, దాన్ని ఆపడానికి. గదికి మించిన యంత్రం పెడితే అది నిమిషాల్లో ఉష్ణోగ్రత దించేసి విశ్రాంతి తీసుకుంటుంది. గాలిని చల్లబరిచే కాయిల్ మీద నీరు చేరి జారిపోయేంత సేపు నడవదు. ఆగస్టులో గది చల్లగా ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా ఉంటుంది. ఇన్వర్టర్ రకం ఏసీల కంప్రెసర్లు (ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్‌తో వీటికి సంబంధం లేదు) వేగం తగ్గించుకుని ఈ తప్పును కొంత కప్పిపుచ్చుతాయి గానీ, వాటికీ ఒక కనీస వేగం ఉంటుంది. అదనపు అర టన్ను ఖర్చు కంటే చాలా తక్కువలో శ్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పూత వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిన సంగతిని అపార్ట్‌మెంటు సంఘం వాళ్లకు చూపించాక వాళ్లు అడ్డు చెప్పలేదు. వేడిని లోపలికి రానిచ్చి యంత్రంతో తోడిపోసే కంటే కప్పు మీదే ఆపడం మేలు కదా. ఒక టన్నే తీసుకున్నాం. మే నెల నడిమధ్యాహ్నం ఆ గది 26కు చేరడానికి తంటాలు పడవచ్చునని ఒప్పుకుంటూనే తీసుకున్నాం.

శీతల వాయువు గురించి ఒక మాట. ఇప్పుడు ఇళ్లకు వచ్చేవాటిలో ఎక్కువ ఆర్-32. పాత ఆర్-410ఏతో పోలిస్తే భూతాపానికి అది చేసే చేటు మూడో వంతు (675, 2,088 అన్నవి ఆ రెంటి సూచికలు). అయితే దానికి స్వల్పంగా మండే గుణం ఉంది కాబట్టి, గది మరీ చిన్నదైతే మాన్యువల్లో వాయువు బరువుకూ గది వైశాల్యానికీ ఉన్న పట్టిక చూడక తప్పదు. నట్టుతో బిగించే పైపు అతుకులను కప్పులో పాతిపెట్టకుండా చెయ్యి అందే చోట ఉంచాలి. చూశారా, మళ్లీ తలుపు దగ్గరికే వచ్చాను.

నీటి వాటం

ఒక టన్ను యంత్రం శక్తిలో పావు వంతు తేమ తీయడానికి పోయినా గంటకు ఒకటింపావు లీటరు నీరు కారుతుంది. రాత్రంతా నడిస్తే బిందెడు. ఆ బిందెడు నీరు ప్రతి రాత్రీ మంచానికి నాలుగడుగుల దూరంలో, తలకు పైన తయారవుతుందన్న సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలు సులువవుతాయి.

చాలా పైకప్పు యంత్రాల్లో ఆ నీటిని పైకెత్తే చిన్న పంపు ఉంటుంది. అరమీటరుకు పైగానే ఎత్తుతుంది కాబట్టి పైపును ఎటైనా తిప్పుకోవచ్చని అంటారు. పంపు ఉన్న రకమే తీసుకుందామని నేను, వద్దని మెకానిక్. "పంపు చెడిపోతదమ్మా, వాటం చెడిపోదు" అన్నది ఆయన వాదన. కొన్ని ఇళ్లలో దారి లేక పంపే గతి అవుతుంది, దాన్ని తప్పుపట్టలేను. మా ఇంట్లో మాత్రం ఆయన మాటే నెగ్గింది. బాత్‌రూమ్ ఇటుక గోడకు రంధ్రం వేసి, అటకలో గంగాళాల మీదుగా 8 అడుగులు నడిపితే అవతల వాష్ ఏరియా. మీటరుకు ఒక సెంటీమీటరు వాటం తప్పనిసరి అంటారు. ఆ లెక్కన ఒక్క అంగుళం దిగితే చాలు. మేము రెండు అంగుళాలు ఇచ్చాం. రెండడుగులకో క్లాంపు వేయించాం. పైపుకు కూడా రబ్బరు తొడుగు వేయించాం. ఎందుకంటే 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వాన రోజున 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువూ చెమరుస్తుంది. ఆ నీటి పైపు అంతకంటే చాలా చల్లగా ఉంటుంది.

పైపు చివరను మురుగు గొట్టానికి నేరుగా కలిపేద్దామన్నాడు ప్లంబరు. శీతాకాలమంతా ఏసీ నడవదు. మురుగు గొట్టం వంపులో వాసనకు అడ్డుగా నిలిచే నీరు ఎండిపోతే మురుగు వాసన అదే పైపు గుండా అమ్మ తలగడ దాకా వస్తుంది. అందుకే చివరను వాష్ ఏరియాలో ఒక బకెట్ పైన తెరిచి ఉంచాం. ఇందులో ఇంకో ఉపాయం కూడా ఉంది. బకెట్‌లో నీళ్లు పడుతున్నంత కాలం కప్పులో అంతా సవ్యంగా ఉందని నిచ్చెన ఎక్కకుండానే తెలుస్తుంది. వాన రోజుల్లో ఏసీ నడుస్తున్నా బకెట్ పొడిగా ఉంటే, నీరు మరెక్కడో చేరుతోందన్న మాట. అక్క ఇంట్లో పైపు చివర ఎక్కడుందో కూడా ఎవరూ చూడలేదు.

తలుపు

తలుపు ఎంత ఉండాలన్నదానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే. యంత్రం ఏ దారిన పైకి ఎక్కిందో ఆ దారినే, బోర్డు కోయకుండా, కిందికి దిగగలగాలి. అడుగు చదరపు ట్రాప్ డోర్‌లో చెయ్యి దూరుతుంది గానీ కళ్లు దూరవు. అందులోంచి ఫిల్టరు తీయవచ్చు, ట్రే తీయలేరు. మా దారి కప్పులో ఇప్పుడు రెండు భాగాలున్నాయి. గది తలుపు వైపున గాలి పీల్చే గ్రిల్, కీలు మీద కిందికి వాలుతుంది, ఫిల్టరు దాని వెనకే. యంత్రం అడుగున 32 అంగుళాలు, 28 అంగుళాలు ఉన్న ప్లైవుడ్ పలక, ఎనిమిది మరలు. వడ్రంగి ఆ మరల తలలు కనిపించకుండా లప్పం పెట్టి రంగు వేస్తానన్నాడు. అక్కర్లేదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. లప్పం పెట్టిన మరను మూడేళ్ల తర్వాత వెతకడానికి మళ్లీ చీపురు కర్ర కావాలి.

ఇది అందంగా ఉందా అంటే, లేదు. తల ఎత్తితే ఎనిమిది మరలు కనిపిస్తాయి. అక్క ఫొటో చూసి నవ్వి, "ఏమే, రైలు పెట్టె పైకప్పులా ఉందే" అంది. కాసేపాగి, ఆ పలక చేసిన వడ్రంగిని విజయవాడ పంపగలవా అని అడిగింది. బల్లులు లోపలికి చేరి సర్క్యూటు బోర్డు మీద పడి మాడిపోకుండా పైపుల సందుల్లో జల్లెడ వలను కుక్కించమని చెప్పింది కూడా తనే. ఆ ముప్పు గురించి నాకు బొత్తిగా తట్టలేదు.

నాకు మిగిలిన బెంగ శబ్దం ఒక్కటే. యంత్రం మంచానికి దగ్గర. గాలి కింది నుంచి నేరుగా పీల్చే పద్ధతి అయితే జాగా కలిసి వచ్చేది గానీ ఫ్యాను మోత సూటిగా గదిలోకి దిగుతుంది. వెనక నుంచి పీల్చే పద్ధతిలో ఒక మలుపు అడ్డం ఉంటుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నాం. శ్లాబుకు వేలాడదీసిన నాలుగు కడ్డీల దగ్గరా రబ్బరు వాషర్లు వేశాం. అయినా నిశ్శబ్దమైన రాత్రి ఎలా ఉంటుందో ఒక వేసవి గడిచాక గానీ చెప్పలేను. అమ్మకు చెవులు ఇంకా చురుకే.

బోర్డులు మూసే ముందు మెకానిక్ ఏసీ వేయలేదు. రసమట్టం పెట్టి యంత్రం నీటి గొట్టం వైపుకు వెంట్రుకవాసి వాలి ఉందని చూసుకున్నాడు, తర్వాత చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. ట్రేలో మూడు చెంబులు పోశాడు. నేను వాష్ ఏరియాలో బకెట్ దగ్గర నిలబడ్డాను. మొదటి చెంబు నీరు వెంటనే వచ్చింది. మూడోది సగం వచ్చి ఆగిపోయింది. ఆయన అటకలోకి పాకి, గంగాళం ఒకటి పైపును పైకి నెడుతోందని కనిపెట్టి, దాన్ని జరిపి, అక్కడ ఇంకో క్లాంపు వేశాడు. మళ్లీ మూడు చెంబులు పోశాడు. ఈసారి మూడూ బకెట్‌లోకి వచ్చాయి. జిప్సమ్ బోర్డు అతను ఆ మర్నాడు వచ్చాడు.